విద్యాసుందరి బెంగుళూరు నాగరత్నమ్మ

శ్రీరామనవమి వచ్చిందంటే హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో పానకం, వడపప్పు, కోసంబరితో పాటు వీనులకు కూడా విందు లభించే రోజులు వచ్చాయన్నమాట. గుడి ముందు కొబ్బరాకుల పందిరి వేస్తారు, జంపఖానాలు పరుస్తారు, సాయంకాలానికి తంబుర శ్రుతి వినవస్తుంది. ఇంకా పెద్ద కచేరీ వినగోరేవారు బస్సెక్కి బెంగుళూరు చేరుకొని, 1939లో ప్రారంభమైన చామరాజపేట శ్రీరామసేవా మండలి వారి పందిరిలో కూర్చుని, రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరుకోవటం ఈ ప్రాంతపు సంగీతాభిమానులకు కొత్త కాదు.

రేడియోలో పాట వినటం ఒకటి, గాయకుని ఎదుట కూర్చుని వినటం మరొకటి. ఎదుట కూర్చున్నప్పుడు శ్రోతకు కూడా పని ఉంటుంది. అరచేతితో ఒక దెబ్బ, చిటికెనవ్రేలు మొదలు మూడు వ్రేళ్ల లెక్క, ఆపై దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురు — ఇలా ఎనిమిది క్రియల ఆదితాళాన్ని తొడపై వేస్తూ కూర్చున్న పిల్లవానికి, వర్ణం ముగిసి రాగాలాపన మొదలయ్యేసరికి తాళం ఎందుకు ఆగిపోయిందో దానంతట అదే బోధపడుతుంది. కృతి అందుకున్నాక మళ్లీ చేయి కదులుతుంది. స్వరకల్పనలో గాయకుడు ఎక్కడికి వచ్చి కలుస్తాడో ముందుగా ఊహించి, ఊహ నిజమైనప్పుడు తల ఊపేవారిని చూస్తే, కచేరీ వేదిక మీద మాత్రమే జరగటం లేదని తెలుస్తుంది.

తెలుగు బడిలో చదివే పిల్లలకు ఆ పందిరిలో మరొక ఆశ్చర్యం ఎదురవుతుంది. పాడేవారు తమిళులు కావచ్చు, కన్నడిగులు కావచ్చు. పాడే కృతి మాత్రం చాలమట్టుకు తెలుగు. ఒక్కొక్కప్పుడు ఒత్తులు జారిపోతాయి, మాట నడిమికి విరుగుతుంది. వ్యాకరణం నేర్చిన పిల్లలు ఒకరినొకరు చూసి నవ్వుకొంటారు. నవ్వనిస్తే తప్పు లేదు. అయితే ఆ కృతులను రచించిన త్యాగరాజస్వామి (1767–1847) తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో జీవించి, తమిళదేశం నడిబొడ్డున తెలుగులో పాడిన మహనీయుడని వారికి చెప్పాలి. ఆ మహనీయుని సమాధి కావేరీ తీరాన శిథిలమైపోతున్న కాలంలో దానిపై మందిరం నిర్మించినది ఒక స్త్రీ అనీ, ఆమెది పొరుగునే ఉన్న కన్నడసీమ అనీ, తాను కట్టించిన ఆ సన్నిధిలోనే పాడటానికి ఆమెకు అనుమతి దొరకలేదనీ కూడా చెప్పాలి. ఆమెయే బెంగుళూరు నాగరత్నమ్మ.

నాగరత్నమ్మగారు 1878 నవంబరు 3వ తేదీన మైసూరు సంస్థానంలోని నంజనగూడులో జన్మించారు. తల్లి పుట్టలక్ష్మి. ఆమె పూర్వులు మైసూరు ఆస్థానాన్ని ఆశ్రయించిన గాయకులు. తండ్రి సుబ్బారావు న్యాయవాది. దేవదాసీ కుటుంబాలలో బిడ్డకు తల్లియే తల్లీ, తండ్రీ. సుబ్బారావు విడనాడిన తరువాత పుట్టలక్ష్మి పసిబిడ్డతో మైసూరు చేరి, ఆస్థానంలోని ఒక సంస్కృత పండితుని ఆశ్రయం పొందారు. ఆ పండితుడు బాలికకు సంస్కృతాన్నీ, సంగీతాన్నీ బోధించాడు. బాలికల చదువు అరుదైన ఆ రోజుల్లో ఒక దేవదాసి కూతురు శాస్త్రుల ఎదుట కూర్చుని శ్లోకాలు వల్లెవేయటం చిన్న విషయం కాదు. కొంతకాలానికి ఆ ఆశ్రయం కూడా తప్పింది. తల్లీకూతుళ్లు మైసూరు విడిచి, ఫిడేలు విద్వాంసుడైన బంధువు వెంకటస్వామప్ప అండన చేరుకున్నారు.

బెంగుళూరులో నాగరత్నమ్మగారి విద్య నిజంగా వికసించింది. కన్నడం, తెలుగు, ఇంగ్లీషు అభ్యసించారు. నాట్యం నేర్చారు. సంగీతంలో ఆమెకు లభించిన గురువు మునుస్వామప్ప. ఆయనది త్యాగరాజస్వామి శిష్యపరంపర. కృష్ణగిరి దాటి మద్రాసు వైపు సాగే రహదారిపై వాలాజాపేట అనే ఊరున్నది. స్వామివారి ముఖ్యశిష్యులలో ఒకరైన వేంకటరమణ భాగవతారు, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతారు ఆ ఊరి పేరుతోనే ప్రసిద్ధులు. స్వామివారి కృతులను వ్రాసిపెట్టి, భద్రపరచి, తరువాతి తరానికి అందించిన ఖ్యాతి ఆ వాలాజాపేట పరంపరకు దక్కింది. మునుస్వామప్ప ఆ పరంపరకు చెందినవాడే. అంటే నాగరత్నమ్మగారు కృతి నేర్చుకొన్నప్పుడు, స్వామివారికీ ఆమెకూ నడుమ ఉన్నవారిని వ్రేళ్లపై లెక్కించవచ్చు. తరువాతి కాలంలో ఆమె చేసిన పనికి బీజం ఇక్కడే పడిందనుకోవాలి.

పదిహేనవ ఏట విద్వత్సభ ఎదుట ఆమె తొలి ప్రదర్శన జరిగింది. అనతికాలంలోనే మైసూరు ఆస్థానవిదుషీ గౌరవం లభించింది. మైసూరు న్యాయమూర్తి నరహరిరావు ఆమె విద్యను మెచ్చి ఆదరించారు. ఆ తరువాత ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆమె మద్రాసును తన నివాసంగా చేసుకున్నారు. బెంగుళూరు ఆమె ఇంటిపేరుగా మాత్రం నిలిచిపోయింది.

ఆనాటి కచేరీ ఈనాటి కచేరీ వంటిది కాదు. మైకు లేదు, గొంతు తన బలంతోనే చివరి వరుసను చేరాలి. సభల పేరిట టికెట్టు పెట్టి కచేరీలు నడపటం మద్రాసులో అప్పుడప్పుడే బలపడుతున్నది. జమీందారుల ఇళ్లలో పెళ్లిళ్లు, దేవాలయాలలో ఉత్సవాలు — ఇవే విద్వాంసులకు ప్రధానమైన వేదికలు. స్త్రీలలో బహిరంగంగా పాడేవారు దాదాపు అందరూ దేవదాసీ కుటుంబాలవారే. వీణ ధనమ్మాళ్, కోయంబత్తూరు తాయి, హోసూరు, కృష్ణగిరి తాలూకాలు చేరియున్న నాటి సేలం జిల్లా పేరుతో ప్రసిద్ధికెక్కిన సేలం గోదావరి — వీరంతా ఆ కాలపు విదుషీమణులే. కుటుంబస్త్రీ వేదికనెక్కటం గౌరవహీనమని తలచిన సంఘమే, ఈ విదుషుల పాట వినటానికి మాత్రం బారులు తీరింది. ఈ విరోధాభాసాన్ని నాగరత్నమ్మగారు జీవితమంతా మోయవలసి వచ్చింది.

ఆమె పాట వినగోరి విజయనగరం, బొబ్బిలి సంస్థానాలు ఆహ్వానించాయి; తిరువాన్కూరు సత్కరించింది. కృతులూ, పదాలే కాక హరికథలు కూడా చెప్పేవారు. సంస్కృతం, తెలుగు, కన్నడం మూడింటిలోనూ పట్టు ఉన్నందువల్ల ఏ ఊరి శ్రోతలకు ఆ ఊరి భాషలో కథ నడిపించగల సామర్థ్యం ఆమెకు ఉండేది. యదుకులకాంభోజి ఆమెకు ప్రియమైన రాగమని చెప్పుకొంటారు. గ్రామఫోను మన దేశానికి వచ్చిన కొత్తలోనే ఆమె గొంతు రికార్డులకెక్కింది. మద్రాసులో ఆదాయపు పన్ను చెల్లించిన తొలి కళాకారిణి ఆమెయేనని ప్రసిద్ధి. పన్ను కట్టటంలో గొప్ప ఏమున్నదని పిల్లలు అడగవచ్చు. ఒక స్త్రీ తన విద్యతో తాను ఆర్జించి, ఆ ఆర్జన తనదేనని ప్రభుత్వపు లెక్కలలో వ్రాయించుకోవటం ఆ రోజుల్లో ఎంత అపురూపమో పెద్దలే వారికి వివరించాలి.

సంగీతంలో ఇంత కీర్తి గడించిన ఆమె పేరు తెలుగు సాహిత్య చరిత్రలో కూడా నిలిచింది. పద్ధెనిమిదవ శతాబ్దంలో తంజావూరు మహారాష్ట్ర ప్రభువు ప్రతాపసింహుని కాలంలో ముద్దుపళని అనే విదుషి ‘రాధికాసాంత్వనము’ అనే శృంగార ప్రబంధాన్ని రచించింది. 1887లో అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలూ, కవయిత్రి తన వంశాన్ని గురించి చెప్పుకొన్న భాగమూ లోపించాయి. నాగరత్నమ్మగారు వ్రాతప్రతిని సంపాదించి, సరిపోల్చి, పరిష్కరించి, 1910లో వావిళ్లవారి ద్వారా సమగ్రంగా ప్రకటించారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆ కావ్యాన్ని స్త్రీ వ్రాయదగనిదని లోగడనే నిందించియున్నారు. దానికి ఆమె తన పీఠికలో నిర్భయంగా బదులు చెప్పారు. శృంగారం వ్రాసినందుకు పురుషకవులకు లేని దోషం స్త్రీకి మాత్రం ఎలా అంటుతుందని ఆమె వాదం. పంతులుగారు స్త్రీవిద్యకు చేసిన సేవను మరువలేము; ఆ మాటలో మాత్రం న్యాయం నాగరత్నమ్మగారి పక్షాననే ఉన్నది. 1911లో ఆంగ్ల ప్రభుత్వం చర్యకు పూనుకొని, ప్రతులను స్వాధీనపరచుకొని, గ్రంథాన్ని నిషేధించింది. పండితులు ఎందరో అభ్యంతరం తెలిపినా ఫలించలేదు. ముప్పయ్యైదేళ్లు గడిచాక, టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్న 1946–47 కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు.

1920 ప్రాంతానికి నాగరత్నమ్మగారు నలభై దాటిన ప్రౌఢ విదుషి. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి జీర్ణించిపోతున్నదన్న వార్త ఆమెను కలచివేసింది. 1847 పుష్య బహుళ పంచమినాడు స్వామి సిద్ధిపొందిన తరువాత ఆ చోటు క్రమంగా మరుగున పడింది. 1903లో స్వామివారి శిష్యపరంపరకు చెందిన ఉమయాళ్పురం కృష్ణ భాగవతారు, సుందర భాగవతారు దానిని బాగుచేయించారు. అయినా కావేరి ఒడ్డున పట్టించుకొనేవారు లేని సమాధి ఎన్నాళ్లు నిలుస్తుంది? స్వామివారు ఆమెకు కలలో కనిపించారని కూడా చెప్పుకొంటారు. కల మాట అటుంచి, ఆమె చేసిన పని కళ్లెదుటనే ఉన్నది. స్థలం సంపాదించారు. 1921 అక్టోబరు 27న శంకుస్థాపన జరిగింది. కచేరీల సంపాదన ఇటుకలుగా, రాళ్లుగా మారింది. 1926 జనవరి 7న కుంభాభిషేకం జరిగింది. నాలుగేళ్లకు పైబడిన ఆ నిర్మాణంలో ఏ సంస్థానాధీశుడూ ఆమెకు ముందు నడవలేదు. పెళ్లిపందిళ్లలోనూ, జమీందారుల దివాణాలలోనూ ఎవరెవరో విని ఆనందించిన పాటల ప్రతిఫలం అక్కడ మందిరమై నిలిచింది.

అప్పటికి తిరువయ్యారులో ఏటేటా ఆరాధనోత్సవాలు జరుగుతున్నవి. నిర్వాహకులలో అభిప్రాయభేదాలు వచ్చి, తమిళంలో పెరియకట్చి, చిన్నకట్చి అని పిలిచే పెద్దపక్షం, చిన్నపక్షం ఏర్పడ్డాయి. ఒకే స్వామికి రెండు ఉత్సవాలు! ఎన్ని విషయాలలో విభేదించినా, ఒక్క విషయంలో మాత్రం వారికి ఏకీభావం ఉండేది: స్త్రీలు సన్నిధిలో పాడరాదు. నాదస్వర విద్వాంసులకూ అక్కడ సమానమైన గౌరవం ఉండేది కాదు. మందిరం కట్టించిన ఇల్లాలు ఎదుట నిలిచి హరికథ చెప్పుకొనే అవకాశం అడిగితే లేదన్నారు. ఆమె ధనం పనికివచ్చింది, కంఠం పనికిరాలేదు.

ఇంకొకరైతే కోర్టుకెక్కేవారు, లేదా కన్నీరు పెట్టుకొని మద్రాసుకు మరలిపోయేవారు. నాగరత్నమ్మగారు ఆ రెండూ చేయలేదు. మందిరం వెనుకవైపు మరొక పందిరి వేయించి, 1927 నుండి స్త్రీల ఆరాధనను ప్రారంభించారు. దానికి పెణ్గళ్కట్చి, అంటే స్త్రీల పక్షం, అని పేరు వచ్చింది. ముందు రెండు పక్షాలవారు పాడుతుండగా, వెనుక ఈ పందిరిలో ఆమె, ఆమె పిలుపునందుకొని వచ్చిన గాయనీమణులు పాడేవారు. శ్రోతలు కొందరు అక్కడినుండి లేచి ఇక్కడికి వచ్చేవారనుకోవటంలో వింత లేదు; పాటకు ముందూ వెనుకా ఉండవు కదా. త్యాగరాజస్వామిపై సంస్కృతంలో అష్టోత్తర శతనామావళిని కూడా ఆమె రచించారు. క్రమంగా మద్రాసు విడిచి, తిరువయ్యారునే నివాసంగా చేసుకున్నారు.

సరిగా అదే సమయాన మరొక పోరాటం ఆమెను చుట్టుకొంది. మద్రాసు శాసనమండలిలో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు బాలికలను దేవాలయాలకు అర్పించే ఆచారాన్ని నిషేధించాలని పట్టుబట్టారు. దానికి వ్యతిరేకంగా మద్రాసు దేవదాసీలు సంఘటితులైనప్పుడు, ముందు నిలిచినవారిలో నాగరత్నమ్మగారు ఒకరు. ఇక్కడ ఆమె పొరపడ్డారని ఈనాటి పాఠకులకు తోచవచ్చు. అయిదేళ్ల బిడ్డను తన ఇష్టం తెలియని వయసులో ఒక ఆచారానికి కట్టివేయటం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. ఆ చట్టం 1947లో రావటం మంచిదే అయింది. ఆమె వేదన మాత్రం మరొకటి. చదువు, సంగీతం, నాట్యం, ఆస్తిహక్కు కలిగియుండిన ఒక స్త్రీ సమూహాన్ని మొత్తంగా పతితులని ముద్రవేసి, వారి విద్యను వారి చేతులలోనుండి తీసివేయటాన్ని ఆమె సహించలేకపోయారు. తరువాతి దశాబ్దాలలో ఆ విద్య వేదికల మీద వెలిగింది; దానిని కాపాడుకొంటూ వచ్చిన కుటుంబాలు చాలమట్టుకు చీకటిలో మిగిలిపోయాయి. ముత్తులక్ష్మిగారి తల్లి కూడా ఆ సమూహంలోనుండి వచ్చినదేనని గుర్తుంచుకొంటే, ఇద్దరి బాధా ఒకే మూలం నుండి పుట్టిందని తెలుస్తుంది.

తిరువయ్యారు పక్షాల మధ్య సఖ్యత కుదరటానికి మరికొన్నేళ్లు పట్టింది. ఐ.సి.ఎస్. అధికారి ఎస్.వై. కృష్ణస్వామి, గాయకులు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరు మొదలైనవారి కృషితో 1940–41 నాటికి పక్షాలన్నీ ఒకటై, శ్రీ త్యాగబ్రహ్మ మహోత్సవ సభగా రూపొందాయి. స్త్రీలకు సన్నిధిలో పాడే అవకాశం లభించింది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాలలోని పంచరత్న కృతులను విద్వాంసులందరూ ఒక్కచోట కూర్చుని, ఒక్క గొంతుగా పాడే పద్ధతి కూడా ఆ రోజుల్లోనే స్థిరపడింది. మందిరం వెనుక పదమూడు, పద్నాలుగేళ్లు పాడిన నాగరత్నమ్మగారు అరవయ్యో పడి దాటాక మందిరం ముందుకు వచ్చారు. ఆ వయసులో గొంతు ఎలా ఉన్నదని ఎవరు అడుగుతారు?

చివరి సంవత్సరాలు ఆమె తిరువయ్యారులోనే గడిపారు. పట్టుచీరలు ధరించి సంస్థానాలలో పాడిన విదుషి, కావేరిలో స్నానం, స్వామికి పూజ, వచ్చినవారికి అన్నం — ఇంతకుమించిన కోరిక లేకుండా జీవించారు. తన ఆస్తిని స్వామి సన్నిధికే వ్రాసియిచ్చి, ఉత్సవంలో స్త్రీలకు పూర్తి హక్కు ఉండాలన్న నియమాన్ని అందులో చేర్చారు. సంగీతం వల్ల వచ్చినదంతా సంగీతానికే చేరింది. అయితే ఊరికే చేరలేదు, షరతుతో చేరింది. జీవితంలో నేర్చుకొన్న పాఠాన్ని ఆమె దస్తావేజులో వ్రాయించుకున్నారు.

1952 మే 19న నాగరత్నమ్మగారు కన్నుమూశారు. వావిళ్లవారు ‘రాధికాసాంత్వనము’ను తిరిగి అచ్చువేసినది కూడా ఆ సంవత్సరమే. ఆమె పార్థివదేహాన్ని త్యాగరాజస్వామి సన్నిధికి సమీపంలోనే సమాధి చేశారు. అక్కడ ప్రతిష్ఠించిన ఆమె విగ్రహం స్వామి మందిరానికి అభిముఖంగా ఉంటుంది.

ఇప్పుడు పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారు వెళ్లినవారికి కనిపించే దృశ్యం వేరు. ఉదయం పంచరత్న గోష్ఠి మొదలయ్యేసరికి పందిరి నిండిపోతుంది. వేణువులూ, ఫిడేళ్లూ, మృదంగాలూ శ్రుతి కలుపుకొంటాయి. నడుమ దారి విడిచి రెండువైపులా విద్వాంసులు బారులు తీరి కూర్చుంటారు. ఆ వరుసలలో స్త్రీలు వందల సంఖ్యలో ఉంటారు. పుస్తకం ఒడిలో పెట్టుకొని పాడే బాలికలు ఉంటారు. కృతులు తెలుగువి గనుక, హోసూరు తెలుగు బడిలో చదివిన పిల్లలకు ఆ పుస్తకం చదవటానికి మరొకరి సాయం అక్కరలేదు.

హోసూరు, కృష్ణగిరి నుండి వెళ్లేవారు సేలం, తిరుచ్చి మీదుగా తంజావూరు చేరుకోవాలి. అక్కడినుండి తిరువయ్యారు పదమూడు కిలోమీటర్లు. ఆరాధన రోజులలో రద్దీ విపరీతం కనుక, ముందు రోజు రాత్రికే చేరుకొంటే సన్నిధికి దగ్గరగా చోటు దొరుకుతుంది. స్వామికి నమస్కరించి వెనుదిరిగినవారికి, ఎదురుగా నాగరత్నమ్మగారు కనిపిస్తారు.